కంపెనీల లాభాల అంచనాలను, వాటిపై వచ్చే వార్తలను పరీక్షించి చదవడం ఎలా?

ఫలితాల సీజన్ మొదలైతే మదుపరి ముందుకు రెండు రకాల మాటలు వస్తాయి. గడిచిన త్రైమాసికంలో ఏం జరిగిందో కంపెనీ చెప్పేది ఒకటి, రాబోయే కాలంలో ఏం జరుగుతుందో చెప్పేది మరొకటి. మొదటిదానికి లెక్కల పుస్తకాలు, ఆడిటర్ పరిశీలన, నియంత్రణ సంస్థల నిబంధనలు ఎంతో కొంత కాపలాగా ఉంటాయి. రెండోదానికి ఆ కాపలా లేదు. అయినా ఫలితాలు వెలువడిన రోజున షేరు ధర ఎటు కదలాలో చాలాసార్లు నిర్ణయించేది ఆ రెండో మాటే.

ఇలాంటి చోట కొందరు చెప్పినదంతా నమ్మేస్తారు. రెండు మూడుసార్లు దెబ్బ తిన్నవారు 'అందరూ అబద్ధాలే చెబుతారు' అని చదవడమే మానేస్తారు. ఈ రెండు ధోరణుల్లోనూ పరీక్ష అనేది లేదు. నా అనుభవంలో అనుమానం పనికివచ్చేది అది కాగితం మీదికి ఎక్కినప్పుడే. ఎవరు, ఏ తేదీన, ఏ షరతులతో, ఏ అంకె చెప్పారో రాసిపెట్టుకుని, గడువు తీరాక సరిచూసే మదుపరికి యాజమాన్యాల మీద గుడ్డి నమ్మకమూ ఉండదు, గుడ్డి ద్వేషమూ ఉండదు. ఆ పనిని ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా తెలుసుకోవలసింది: గైడెన్స్‌కు ఉన్న బలం ఎంత?

గైడెన్స్ అంటే యాజమాన్యం తన వ్యాపారం గురించి బహిరంగంగా చెప్పే అంచనా. అది హామీ కాదు. అమెరికాలో 1995లో వచ్చిన చట్టం ప్రకారం, భవిష్యత్తు గురించిన వ్యాఖ్యలకు తగిన హెచ్చరికలు జతచేసిన కంపెనీకి, ఆ అంచనా తప్పినంత మాత్రాన మదుపరులు వేసే దావాల నుంచి చాలావరకు రక్షణ దొరుకుతుంది. ప్రెజెంటేషన్ల మొదటి స్లైడులోనో చివరి స్లైడులోనో సన్నని అక్షరాలతో కనిపించే పొడవాటి పేరా అందుకోసం పెట్టిందే. దాన్ని దాటేసి ముందుకు వెళ్లడం అందరికీ అలవాటు. నేను మాత్రం ఏడాదికి ఒకసారి, వార్షిక నివేదికలోని రిస్కుల అధ్యాయంతో కలిపి, నిరుటి ప్రతిని పక్కన పెట్టుకుని చదువుతాను. నిరుడు లేని వాక్యం ఈ ఏడాది చేరిందంటే, ఆ విషయం గురించి లోపల ఎవరో ఆందోళన పడ్డారని అర్థం చేసుకోవచ్చు.

అసలు గైడెన్సే ఇవ్వని పెద్ద కంపెనీలు ఉన్నాయి. కోకాకోలా 2002 డిసెంబరులో త్రైమాసిక, వార్షిక లాభాల అంచనాలు ప్రకటించడం ఆపేసింది. గూగుల్ 2004లో మార్కెట్‌లోకి వచ్చేటప్పుడే లాభాల అంచనాలు ఇవ్వబోమని చెప్పింది. టీసీఎస్ ఆదాయానికి అంకెల గైడెన్స్ ఇవ్వదు. ప్రముఖ మదుపరి వారెన్ బఫెట్, జేపీ మోర్గాన్ బ్యాంకు అధిపతి జేమీ డైమన్ 2018 జూన్‌లో కలిసి రాసిన వ్యాసంలో త్రైమాసిక లాభాల గైడెన్స్‌కు స్వస్తి పలకాలని కంపెనీలను కోరారు. ఇందుకు బలమైన కారణమే ఉంది. ఒకసారి అంకె బయటకు వెళ్లాక కంపెనీ దాని వెంట పరుగెత్తడం మొదలుపెడుతుంది. అమెరికాలో 400 మందికి పైగా ఆర్థిక విభాగాధిపతుల అభిప్రాయాలు సేకరించి 2005లో ప్రచురించిన ఒక పరిశోధనలో, లాభాల లక్ష్యం అందేలా లేకపోతే పరిశోధన, ప్రకటనలు, నిర్వహణ వంటి ఖర్చులను తగ్గిస్తామని సుమారు 80 శాతం మంది చెప్పారు. విలువ కొంత తగ్గినా సరే కొత్త ప్రాజెక్టును వాయిదా వేస్తామని సగానికి పైగా ఒప్పుకున్నారు. కాబట్టి కంపెనీ అంచనాను అందుకుందా లేదా అని అడిగితే సరిపోదు, దేన్ని వదులుకుని అందుకుందో కూడా చూడాలి.

మొదటి మెట్టు: వార్త కంటే ముందు అసలు పత్రం చదవండి

క్రమం ముఖ్యం. ముందు హెడ్‌లైన్ చదివితే, తర్వాత పత్రం తెరిచినా మన కళ్లు ఆ హెడ్‌లైన్‌ను రుజువు చేసే అంకెల కోసమే వెతుకుతాయి. అందువల్ల స్టాక్ ఎక్స్ఛేంజికో నియంత్రణ సంస్థకో కంపెనీ సమర్పించిన ఫలితాల పట్టిక, దాని కింద ఉన్న నోట్స్, ఆ తర్వాత పత్రికా ప్రకటన, ప్రెజెంటేషన్, కాన్ఫరెన్స్ కాల్ (విశ్లేషకులతో యాజమాన్యం ఫోన్‌లో జరిపే సమావేశం) ట్రాన్‌స్క్రిప్ట్, అంటే ఆ సంభాషణ పూర్తి పాఠం చదివి, ఆఖరున వార్తల దగ్గరికి రండి. ఎంపికచేసిన విశ్లేషకులకు మాత్రమే కీలక సమాచారం చెప్పడాన్ని అమెరికా 2000 సంవత్సరంలోనే నిషేధించింది. భారత్‌లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల వల్ల లిస్టెడ్ కంపెనీలు విశ్లేషకుల కాల్స్ రికార్డింగులను, ట్రాన్‌స్క్రిప్టులను బయటపెడుతున్నాయి. చిన్న మదుపరి చేతికి అందే కాగితం పెద్ద ఫండ్ మేనేజర్ చేతికి అందే కాగితమే అయినప్పుడు, దాన్ని వదిలేసి వార్తా సారాంశంతో సరిపెట్టుకోవలసిన అవసరం లేదు.

సమయం తక్కువగా ఉంటే ఫలితాల పట్టిక కింది నోట్స్ ఒక్కటైనా చదవండి. పత్రికా ప్రకటన చెప్పడానికి ఇష్టపడని విషయాలు చాలావరకు అక్కడే ఉంటాయి.

రెండో మెట్టు: అంచనాల పుస్తకం మొదలుపెట్టండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టునే ఆచరించేట్లయితే ఇదే ఆచరించండి. ప్రతి కంపెనీకి ఒక పేజీ కేటాయించి తేదీ, మాట్లాడిన వ్యక్తి హోదా, చెప్పిన అంకె లేదా శ్రేణి, అది ఏ కాలానికి, దేనితో పోల్చి, ఏ షరతుల మీద అన్న వివరాలను కంపెనీ వాడిన మాటల్లోనే రాయండి. మీ మాటల్లోకి మార్చకండి. 'ఆశిస్తున్నాం' అన్నదాన్ని మీరు 'సాధిస్తాం' అని రాసుకుంటే ఆరు నెలల తర్వాత తప్పు ఎవరిదో తేలదు.

ఆ పేజీ ఎలా ఉంటుందో ఇన్ఫోసిస్ బహిరంగంగా ప్రకటించిన అంకెలతో చూపిస్తాను. 2023-24 ఆర్థిక సంవత్సరానికి స్థిర కరెన్సీ ప్రాతిపదికన (మారక విలువల్లో మార్పుల ప్రభావం తీసేసి) ఆదాయం 4 నుంచి 7 శాతం పెరుగుతుందని ఆ కంపెనీ 2023 ఏప్రిల్‌లో అంచనా ఇచ్చింది. జులైలో దాన్ని 1 నుంచి 3.5 శాతానికి, అక్టోబరులో 1 నుంచి 2.5 శాతానికి తగ్గించింది. 2024 జనవరిలో 1.5 నుంచి 2 శాతంగా మార్చింది. చివరికి నమోదైన వృద్ధి 1.4 శాతం. మరుసటి ఏడాది 2024 ఏప్రిల్‌లో 1 నుంచి 3 శాతం అని మొదలుపెట్టి, జులైలో 3 నుంచి 4, అక్టోబరులో 3.75 నుంచి 4.5, 2025 జనవరిలో 4.5 నుంచి 5 శాతానికి పెంచుకుంటూ వెళ్లింది. చివరికి వచ్చింది 4.2 శాతం.

ఈ పది అంకెలను ఒకే పేజీలో చూసినప్పుడు, విడివిడిగా చదివితే కనిపించని సంగతులు బయటపడతాయి. మొదటి ఏడాది ఆశ ఎక్కువైంది, రెండో ఏడాది జాగ్రత్త ఎక్కువైంది. అంటే ఏప్రిల్ అంకె ఏడాది చివరి అంకె గురించి చెప్పగలిగింది తక్కువే. ఇంకా ముఖ్యమైనది ఏమిటంటే, ఏడాది ముగియడానికి రెండున్నర నెలల ముందు ఇచ్చిన, కేవలం అర శాతం వెడల్పున్న శ్రేణి కూడా రెండేళ్లూ తప్పింది, రెండుసార్లూ కింది వైపుకే. శ్రేణి ఇరుకైనంత మాత్రాన అంచనా గట్టిపడినట్టు కాదని ఇంతకన్నా స్పష్టంగా చూపడం కష్టం. మరో సంగతి: 2024 జనవరి సవరణను ఒంటరిగా చూస్తే దిగువ హద్దు 1 నుంచి 1.5 శాతానికి పెరిగింది కాబట్టి అది శుభవార్తలా కనిపిస్తుంది. ఏప్రిల్ నాటి 4 శాతం పక్కనే ఉంటే అలా కనిపించదు. ఇక్కడ కంపెనీ దాచిందేమీ లేదు, ప్రతి సవరణనూ బహిరంగంగానే చెప్పింది. మరచిపోయేది మనమే. పుస్తకం అవసరం అందుకే.

మూడో మెట్టు: అంకె లేని మాటను అంకెగా మార్చండి

'డిమాండ్ ప్రోత్సాహకరంగా ఉంది', 'ఆర్డర్ల పైప్‌లైన్ బలంగా ఉంది', 'మధ్యకాలంలో రెండంకెల వృద్ధి సాధిస్తాం' వంటి వాక్యాలు ఎప్పటికీ తప్పు కావు, ఎందుకంటే వాటిని కొలిచే గడువు గానీ కొలబద్ద గానీ వాటిలో లేవు. అటువంటివాటిని పుస్తకంలో రాసి పక్కన 'కొలవలేనిది' అని గుర్తు పెట్టండి. ఒక పేజీలో ఆ గుర్తులు ఎక్కువయ్యేకొద్దీ ఆ యాజమాన్యం ఇచ్చే ఔట్‌లుక్‌కు, అంటే రాబోయే కాలం గురించి చెప్పే మాటకు, మీరిచ్చే విలువ తగ్గాలి.

ప్రత్యేకంగా లెక్క కట్టి చూడవలసిన మాట ఇంకొకటి ఉంది: 'వార్షిక గైడెన్స్‌లో మార్పు లేదు, ద్వితీయార్ధంలో పుంజుకుంటాం.' ఒక కంపెనీ ఆదాయం నిరుడు 1,000 కోట్లు, రెండు అర్ధభాగాల్లోనూ చెరి 500 కోట్లు అనుకుందాం. ఈ ఏడాది 12 శాతం వృద్ధి అంటే 1,120 కోట్లు రావాలి. ప్రథమార్ధంలో 510 కోట్లే వచ్చాయి, అంటే వృద్ధి 2 శాతం. మిగిలిన 610 కోట్లు ద్వితీయార్ధంలో రావాలంటే అప్పుడు వృద్ధి 22 శాతం ఉండాలి. పన్నెండు శాతం అన్న మాట మారలేదు గానీ, దాని అర్థం పూర్తిగా మారిపోయింది. ఆ 22 శాతానికి ఆధారం ఏమిటి, చేతిలో సంతకమైన ఆర్డర్లు ఉన్నాయా, కొత్త ప్లాంటు ఏ నెలలో మొదలవుతుంది, గతంలో ఏ అర్ధభాగంలోనైనా అంత వృద్ధి వచ్చిందా అని అడగండి. సమాధానం దొరకకపోతే, రాబోయే నెలల్లో కోత వస్తుందని ముందే అనుకుని పెట్టుబడి లెక్క వేసుకోవడం మంచిది.

నాలుగో మెట్టు: లాభం ఎక్కడి నుంచి వచ్చిందో విడగొట్టండి

చాలా ఏళ్ల క్రితం 'లాభం ఒకటిన్నర రెట్లు' అనే శీర్షిక చూసి ఒక చిన్న కంపెనీ షేర్లు కొన్నాను. పట్టిక కింద నాలుగో నోట్‌లో భూమి అమ్మకం గురించి ఒక వాక్యం ఉంది. దాన్ని చదివింది కొన్న తర్వాత మూడు నెలలకు, రెండో త్రైమాసికం ఫలితాలు పడిపోయినప్పుడు. లెక్క స్థూలంగా ఇలా ఉండేది: నిరుడు పన్నుకు ముందు లాభం వంద అనుకుంటే అదంతా వ్యాపారం నుంచి వచ్చింది, ఈసారి నూటయాభై వస్తే అందులో అరవైఐదు భూమి అమ్మకం ద్వారా వచ్చింది. వ్యాపారం మిగిల్చింది ఎనభైఐదే. శీర్షిక 50 శాతం పెరుగుదల అని చెప్పింది, అది అబద్ధం కాదు. వ్యాపారం మాత్రం 15 శాతం తగ్గింది. అప్పటి నుంచి నోట్స్ చదవకుండా ఒక్క షేరూ కొనలేదు.

ఇతర ఆదాయం, ఆస్తుల అమ్మకం, పన్ను వాపసు, పాత కేటాయింపులను (రాబోయే నష్టాల కోసం పక్కనపెట్టిన సొమ్మును) వెనక్కి తీసుకోవడం, కంపెనీ తన షేర్లను తానే కొనడం (బైబ్యాక్) వల్ల పెరిగిన ఈపీఎస్ (ఒక్కో షేరుకు వచ్చే లాభం), నిరుటి అంకె మరీ చిన్నది కావడం వల్ల ఇప్పుడు పెద్దగా కనిపించే వృద్ధి: ఇవన్నీ తీసేశాక మిగిలేదే వ్యాపారం సంపాదన. నష్టం వైపు కూడా ఇదే పరీక్ష అవసరం. కొత్త సీఈఓ వచ్చిన తొలి త్రైమాసికంలో భారీగా కేటాయింపులు చేసి పాత భారమంతా ఒకేసారి దించుకోవడం మామూలే. తర్వాతి ఏడాది లాభం దానంతట అదే మెరుగ్గా కనిపిస్తుంది.

'సర్దుబాటు చేసిన' అనే విశేషణం కనిపించిన ప్రతిచోటా ఆగండి. ఆఫీసు స్థలాలను అద్దెకిచ్చే వీవర్క్ 2018లో బాండ్లు జారీచేసేటప్పుడు మార్కెటింగ్, పరిపాలన వంటి ఖర్చులను కూడా పక్కనపెట్టి 'కమ్యూనిటీ అడ్జస్టెడ్ ఇబిటా' అనే కొలతను చూపించింది (ఇబిటా అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీసేయకముందు లాభం). ఇటువంటి సొంత కొలతలు వాడితే అధికారిక లెక్కకూ వాటికీ తేడా ఎక్కడ వచ్చిందో పట్టికగా చూపాలని అమెరికాలో 2003 నుంచి నిబంధన ఉంది. ఆ పట్టికను నాలుగేళ్లకు వరుసగా తీసి చూడండి. 'ఈ ఒక్కసారికే' అన్న పునర్‌వ్యవస్థీకరణ ఖర్చు నాలుగేళ్లూ ఉంటే, అది ఆ వ్యాపారానికి మామూలు ఖర్చే.

ఆ తర్వాత నగదు. గత ఐదేళ్ల నికర లాభాన్ని కూడి ఒక చోట, వ్యాపార కార్యకలాపాల ద్వారా వచ్చిన నగదును కూడి మరో చోట రాయండి. రెండోది మొదటిదానికన్నా చాలా తక్కువై, రావలసిన బకాయిలు అమ్మకాల కంటే వేగంగా పెరుగుతుంటే, సరుకు వెళ్లినా డబ్బు రావడం లేదన్నమాట. అయితే వేగంగా విస్తరిస్తున్న కంపెనీలోనూ కొంతకాలం ఇలాగే ఉంటుంది కాబట్టి ఈ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదు.

సత్యం కంప్యూటర్స్ ఉదంతం ఈ పరీక్షకు ఉన్న హద్దును కూడా చూపిస్తుంది. 2009 జనవరి 7న ఆ కంపెనీ చైర్మన్ రాసిన లేఖ ప్రకారం, 2008 సెప్టెంబరు త్రైమాసికంలో చూపించిన ఆదాయం 2,700 కోట్ల రూపాయలు, అసలు ఆదాయం 2,112 కోట్లు. చూపించిన నిర్వహణ లాభం 649 కోట్లు, అసలు లాభం 61 కోట్లు. అంటే 24 శాతంగా కనిపించిన మార్జిన్ (ఆదాయంలో లాభం వాటా) నిజానికి 3 శాతమే. బ్యాలెన్స్ షీటులోని నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. నగదు నిల్వే కల్పితమైనప్పుడు నగదు చూసి నమ్మినవారు కూడా మోసపోతారు. అందుకే నిల్వను ఒంటరిగా చూడకుండా, దాని మీద వచ్చిన వడ్డీ తగినంత ఉందా, అంత నగదు ఉన్న కంపెనీ అప్పులు ఎందుకు చేస్తోంది, డివిడెండ్ ఎంత ఇస్తోంది, అదే రంగంలోని ఇతర కంపెనీలకు లేని మార్జిన్ దీనికి ఎలా వస్తోంది అని కలిపి చూడాలి.

ఐదో మెట్టు: 'అంచనాలను మించిన ఫలితాలు' అన్న మాటను విప్పండి

ఎవరి అంచనాలు, ఏ తేదీ నాటివి? అమెరికాలోని పెద్ద కంపెనీల సూచీ ఎస్ అండ్ పీ 500లోని కంపెనీల్లో సుమారు నాలుగింట మూడు వంతులు ప్రతి త్రైమాసికంలోనూ విశ్లేషకుల లాభాల అంచనాలను మించుతూ వస్తున్నాయి. అంతమంది ఎప్పుడూ మించుతూనే ఉంటే, ఆ కొలబద్దను దాటడం మామూలు సంగతి అని గ్రహించాలి. ఏడాది మొదట్లో విశ్లేషకుల అంచనా ఎత్తుగా ఉండి, కంపెనీ నుంచి అందే సంకేతాలతో క్రమంగా కిందికి దిగి, ఫలితాల ముందు రోజుకు దాటడానికి వీలైన ఎత్తుకు చేరడం పరిశోధకులు చాలాకాలంగా గమనిస్తున్న విషయం. వంద అని మొదలై ఎనభైకి దిగిన అంచనాను ఎనభైరెండుతో దాటిన కంపెనీకి 'అంచనాలను మించింది' అనే శీర్షికే దక్కుతుంది. మీ పుస్తకంలో ఆరు నెలల కిందటి సగటు అంచనాను కూడా రాసుకుంటే ఈ జారుడు వెంటనే కనిపిస్తుంది.

ఎప్పుడూ గురి తప్పని కంపెనీని మరింత జాగ్రత్తగా చూడాలి. జనరల్ ఎలక్ట్రిక్ 1995 నుంచి 2004 దాకా ప్రతి త్రైమాసికంలోనూ విశ్లేషకుల అంచనాను అందుకుంది లేదా మించింది. అకౌంటింగ్ నియమాలను తనకు అనుకూలంగా వంచిందని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 2009లో అభియోగం మోపింది. ఆ అభియోగాన్ని ఒప్పుకోకుండా, ఖండించకుండా ఆ కంపెనీ 5 కోట్ల డాలర్ల జరిమానా చెల్లించింది. నిజమైన వ్యాపారంలో ఎగుడుదిగుళ్లు ఉంటాయి.

విశ్లేషకుల సిఫార్సుల విషయంలో ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. పెట్టుబడి బ్యాంకింగ్ వ్యాపారం కోసం పరిశోధన నివేదికలను ప్రభావితం చేశాయన్న ఆరోపణలపై 2003లో పది వాల్‌స్ట్రీట్ సంస్థలు సుమారు 140 కోట్ల డాలర్లతో సెటిల్‌మెంట్ చేసుకున్నాయి. నివేదిక చివరి పేజీలో ప్రయోజనాల వైరుధ్యం గురించిన ప్రకటనను, టార్గెట్ ధర చూడకముందే చదవండి.

ఆరో మెట్టు: కాన్ఫరెన్స్ కాల్‌ను వెనుక నుంచి చదవండి

ట్రాన్‌స్క్రిప్ట్‌లోని ప్రారంభ ప్రసంగం ముందే రాసి, న్యాయవాదులు సరిచూసిన పాఠం. ప్రశ్నోత్తరాల్లో అంత పకడ్బందీ ఉండదు కాబట్టి ముందు దాన్ని చదవండి. పెన్నుతో ప్రతి ప్రశ్న పక్కన మూడింట్లో ఒక గుర్తు పెట్టండి: సూటిగా జవాబిచ్చారు, పక్కకు తప్పించారు, తర్వాత చెబుతామన్నారు. 'ఆ వివరాలు మేము వెల్లడించం' అన్న జవాబు వస్తే, అదే వివరం నిరుడు వెల్లడించారా అని పాత ట్రాన్‌స్క్రిప్ట్‌లో వెతకండి. బాగున్నంతకాలం ప్రతి త్రైమాసికం చూపించిన అంకెను, ఉదాహరణకు కొత్త ఖాతాదారుల సంఖ్యను, హఠాత్తుగా చూపించడం మానేస్తే అది నా దృష్టిలో మార్జిన్ తగ్గడం కంటే పెద్ద హెచ్చరిక.

ఒకే ప్రశ్న ముగ్గురు వేర్వేరు విశ్లేషకుల నోట వేర్వేరు మాటల్లో వచ్చిందంటే మొదటి జవాబు ఎవరికీ తృప్తి ఇవ్వలేదన్నమాట. మంచి ఫలితానికి 'మా వ్యూహం', చెడు ఫలితానికి 'మార్కెట్ పరిస్థితులు' అని యాజమాన్యం ప్రతిసారీ పంచుకుంటోందా అన్నది కూడా గమనించండి. ఆర్థిక విభాగాధిపతో ఆడిటరో గడువుకు ముందే తప్పుకుంటే, ఆ త్రైమాసికం ఔట్‌లుక్ ఎంత బాగున్నా, కారణం తెలిసేదాకా కొత్త డబ్బు పెట్టకపోవడమే మేలు.

ఏడో మెట్టు: ఇప్పుడు వార్తల దగ్గరికి రండి

వార్త ఎలా తయారవుతుందో తెలిస్తే దానికి ఎంత బరువు ఇవ్వాలో తెలుస్తుంది. అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ 2014 నుంచే కంపెనీల త్రైమాసిక ఫలితాల వార్తలను సాఫ్ట్‌వేర్‌తో రాయించడం మొదలుపెట్టింది. లాభం, ఆదాయం, విశ్లేషకుల అంచనా, వాటి మధ్య తేడా: ఆ వార్తలో ఉండేది ప్రధానంగా ఇదే. నోట్స్‌లోని భూమి అమ్మకం అంత తొందరలో అందులోకి ఎక్కుతుందని ఆశించలేం. మనుషులు రాసినా, నిమిషాల వ్యవధిలో పదుల కొద్దీ కంపెనీల ఫలితాలు వచ్చిపడే రోజున విలేకరికి పత్రికా ప్రకటన మొదటి పేరాను దాటి వెళ్లే వ్యవధి దొరకడం కష్టం.

వేగం ఎంత ప్రమాదకరమో 2008 సెప్టెంబరు 8న తేలింది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ మాతృసంస్థ దివాలా గురించి 2002లో వచ్చిన పాత వార్త తేదీ లేకుండా ఇంటర్నెట్‌లో పైకి తేలి, కొత్త వార్తగా వ్యాపించడంతో ఆ షేరు నిమిషాల్లో సుమారు 12 డాలర్ల నుంచి 3 డాలర్ల దాకా పడిపోయింది. ట్రేడింగ్ నిలిపి నిజం తేల్చాక మళ్లీ చాలావరకు కోలుకుంది గానీ, మధ్యలో భయపడి అమ్మినవారి నష్టం వారికి మిగిలింది. ఏ వార్తకైనా ముందు తేదీ, ఆ తర్వాత మూలం చూడాలి. 'సన్నిహిత వర్గాల సమాచారం' అని మాత్రమే ఉంటే, ఆ వార్త వల్ల ఎవరికి లాభమో ఆలోచించి, ఎక్స్ఛేంజికి కంపెనీ ఇచ్చే వివరణ కోసం ఆగండి.

'ఫలానా కారణంతో షేరు పడిపోయింది' అనే వాక్యంలో చాలాసార్లు ధర ముందు కదులుతుంది, కారణం తర్వాత వెతుకుతారు. ఒకే ఫలితాలకు పొద్దున షేరు పెరిగితే ఒక కారణం, సాయంత్రానికి తగ్గితే మరో కారణం కనిపిస్తాయి. ఈ తరహా వాక్యాలను నేను నా పుస్తకంలోకి రానివ్వను.

టీవీలో సిఫార్సు చేసేవారి చేతిలో ఆ షేర్లు ఉన్నాయో లేదో తెలియకుండా సిఫార్సును వినకండి. ఒక బిజినెస్ చానల్‌లో అతిథి నిపుణులు చెప్పబోయే సిఫార్సులను ముందుగా కొందరికి చేరవేయగా, వారు ఆ షేర్లలో లావాదేవీలు జరిపి లాభపడ్డారని సెబీ 2024 ఫిబ్రవరిలో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అమెరికాలో కూడా 1980లలో ఒక ప్రముఖ ఆర్థిక పత్రికలోని కాలమ్ విషయాలు అచ్చుకు ముందే బ్రోకర్లకు చేరిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

అయినా పత్రికలన్నింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం, మదుపరికి నష్టం కూడా. అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్‌ను వరుసగా ఆరేళ్లు అత్యంత వినూత్న కంపెనీగా ఎంపికచేసిన ఫార్చ్యూన్ పత్రికే, 2001 మార్చిలో ఆ కంపెనీ డబ్బు ఎలా సంపాదిస్తోందో అర్థం కావడం లేదని ప్రశ్నించే వ్యాసం ప్రచురించింది. అదే ఏడాది డిసెంబరులో ఎన్రాన్ దివాలా తీసింది. జర్మనీ చెల్లింపుల కంపెనీ వైర్‌కార్డ్ లెక్కలపై ఫైనాన్షియల్ టైమ్స్ వరుస కథనాలు రాస్తే, 2019లో ఆ దేశ నియంత్రణ సంస్థ వైర్‌కార్డ్ షేర్ల షార్ట్ సెల్లింగ్‌ను (ధర పడుతుందన్న అంచనాతో అరువు షేర్లు అమ్మడాన్ని) తాత్కాలికంగా నిషేధించి, ఆ పత్రిక విలేకరులపైనే ఫిర్యాదు చేసింది. 2020 జూన్‌లో 190 కోట్ల యూరోలు లేవని తేలాక కంపెనీ కూలిపోయింది. నెలల తరబడి పత్రాలు తవ్వి రాసిన కథనానికీ ఫలితాల రోజు స్క్రోలింగ్‌కూ ఒకే విలువ ఇచ్చేవారు, నిజంగా కాపాడగలిగిన వార్తను కూడా చెత్తలో కలిపేస్తారు. కథనంలో సంతకమైన కాగితాలు, పేర్కొన్న లావాదేవీలు, కంపెనీ ఇచ్చిన సమాధానం ఉన్నాయా అని చూడండి. అవి ఉంటే, ఆ షేరు మీ చేతిలో ఉన్నా సరే, పూర్తిగా చదవండి.

ఎనిమిదో మెట్టు: మీ అంచనాను కూడా అదే పుస్తకంలో రాయండి

ఫలితాలకు వారం ముందే, ఆదాయం ఎంత వస్తుందని మీరు అనుకుంటున్నారో, ఏది జరిగితే షేర్లు అమ్ముతారో, ఏది జరిగితే మరిన్ని కొంటారో ఒక్కో వాక్యంలో రాసిపెట్టండి. మన చేతిలో ఉన్న షేరు మీద వచ్చే మంచి వార్తను తేలిగ్గా నమ్మడం, చెడు వార్తను మీడియా కుట్ర అనుకోవడం మదుపరుల్లో సర్వసాధారణం. షార్ట్ సెల్లర్ నివేదికకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది: ధర పడితే అతనికి లాభం కాబట్టి ఉద్దేశాన్ని గుర్తుంచుకుంటూ, అతను చూపిన కాగితాలను విడిగా పరీక్షించాలి.

ఎనిమిది త్రైమాసికాలు ఇలా రాశాక పేజీని మొదటి నుంచి చదవండి. చెడు వార్తను ఇతరులు కనిపెట్టకముందే తనంతట తాను చెప్పిన యాజమాన్యం ఒకటి, తప్పిన అంచనాను తర్వాతి కాల్‌లో పేరుపెట్టి ప్రస్తావించి ఎక్కడ పొరపాటు జరిగిందో వివరించిన యాజమాన్యం ఒకటి మీకు కనిపించవచ్చు. అలాంటివారి గైడెన్స్‌ను, గతంలో వారు ఎంత మేరకు తప్పారో అంత మాత్రమే తగ్గించి వాడుకోండి. ప్రతిసారీ 3 శాతం ఎక్కువ చెప్పేవారి అంకెలోంచి 3 శాతం తీసేస్తే అది పనికివచ్చే సమాచారమే. ఒకసారి పైకి, ఒకసారి కిందికి, కారణం చెప్పకుండా తప్పేవారి అంకెను లెక్కలోంచి పూర్తిగా తీసేసి, వ్యాపారం ఈ ఏడాది ఏమీ పెరగదు అనుకుంటే షేరుకు ఎంత ధర ఇవ్వవచ్చో చూడండి. ఇప్పటి ధర దానికి దగ్గరగా ఉంటే ఆలోచించవచ్చు. దానికి రెట్టింపు ఉంటే, మీరు చెల్లించే ధరలో సగం ఆ యాజమాన్యం చెప్పిన రేపటికే వెళ్తోంది.